సీట్ల సంఖ్య

ఏడాదికోసారి ఆమె అటక మీద నుంచి మోటార్‌సైకిల్ని కిందికి దించుతుంది. మొత్తం బండిని కాదులెండి. అది మెట్ల కింద, ఇంట్లో మరెవరికీ దొరకనంత విశాలమైన చోట, దుప్పటి కప్పుకుని హాయిగా ఉంటుంది. ఆమె దించేది అది కంపెనీ నుంచి వచ్చిననాడు ఒంటి మీదున్న సామాను: రెండు పొడవాటి సైలెన్సర్లు, రెండు గుండ్రటి అద్దాలు, నాలుగు లావుపాటి ఇండికేటర్లు, వెనక మడ్‌గార్డు, ఇద్దరు కూర్చునే పొడుగు సీటు, ఆ ఇద్దరిలో వెనక మనిషి కాళ్లు పెట్టుకునే రెండు ఫుట్‌రెస్టులు.

సోమవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక స్టూలు మీద పీట వేసి, పీట మీద తను ఎక్కింది.

“అమ్మాయ్, పడతావు,” అంది అత్తగారు ముందుగదిలోంచి, కళ్లు తెరవకుండానే.

“పడితే చప్పుడవుతుంది లెండి అత్తయ్యా, మీకే తెలుస్తుంది.”

ఒక్కో వస్తువు ఒక్కో పాత చీరలో ఉంది. ఎడమ సైలెన్సర్ ఆకుపచ్చ వాయిల్లో, కుడిది రంగు వెలిసిన నీలం దాంట్లో. చీర అంచుకి పిన్నీసుతో గుచ్చిన కాగితం, దాని మీద ఆమె చేతిరాత: ‘కుడి సైలెన్సర్. లోపలి రింగు ముందు ఎక్కించాలి. పాత వాషరే వాడాలి.’ కాలేజీలో కెమిస్ట్రీ రికార్డు ఇలాగే రాసేది. అప్పుడు మార్కులొచ్చేవి. ఇప్పుడు ఆదివారాలు కలిసి బండ్లు తిప్పే బృందంలో ఒక పేరొచ్చింది: స్టోర్‌కీపర్. “మా స్టోర్‌కీపర్ ఉండగా ఒక్క నట్టు పోదు,” అని ఆయన అందరి ముందూ మెచ్చుకునేవాడు. నట్టు పోని మాట నిజమే.

ఆయనంటే ఆమె భర్త. నీటి సరఫరా ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. పగలంతా పైపుల గీతలు గీసి, ఇంటికొచ్చి బండి గీతలు సరిచేస్తాడు. పాతకాలపు రూపంతో తయారైన కొత్త బండి అది; పక్కపక్కన రెండు సిలిండర్లు. దాన్ని మరికాస్త పాతదానిలా చేయడానికి ఆయనకు తొమ్మిదేళ్లు పట్టింది. హ్యాండిల్ కిందికి దిగింది. సైలెన్సర్లు పొట్టివయ్యాయి. ఇండికేటర్లు చిక్కుడుగింజలంత అయ్యాయి. పొడుగు సీటు పోయి, ఆయన కొలతలకు కుట్టించిన ఒంటి సీటు వచ్చి కూర్చుంది.

అయితే ఏడాదికోసారి బండిని రవాణా శాఖ తనిఖీకి తీసుకెళ్లి, కంపెనీలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉందని చూపించాలి. అందుకని ముందురోజు ఆయన సెలవు పెట్టి పాత సామానంతా బిగించేవాడు. తనిఖీ అయిన మర్నాడు మళ్లీ విప్పేవాడు. ఆ ఒక్కరోజూ బండికి వెనక సీటుండేది. ఆ ఒక్కరోజూ ఆమె దాని మీద కూర్చునేది. బండి ఆమె పేరున ఉంది కాబట్టి ఆమె వెళ్లక తప్పదు. కొన్నప్పుడు ఆయన పేరున ఆఫీసు ఇచ్చిన బండొకటి ఉండేది, రెండోది కూడదన్నారు.

తనిఖీ యార్డు ఊరికి పద్దెనిమిది కిలోమీటర్లు. అది దాటి కొంచెం పోతే రిజర్వాయర్ కట్ట, కట్ట మీద ఓ టీ క్యాంటీన్. బండి రిజిస్ట్రేషన్ పుస్తకంలో ముద్ర పడ్డాక అక్కడ ఆగి ఇద్దరూ టీ తాగేవాళ్లు. అంతే. ఆయన బండి గురించి చెప్పేవాడు, ఆమె నీళ్లకేసి చూసేది. ఎవరి మందుల కోసమూ కాదు, ఎవరి రిపోర్టుల కోసమూ కాదు. ఏడాది మొత్తమ్మీద ఆమె ఏ పనీ లేకుండా వెళ్లి కూర్చునే చోటు అదొక్కటే. ఎనిమిదేళ్లలో ఎనిమిదిసార్లు వెళ్లింది. తొమ్మిదోది ఈ గురువారం.

సీటుని ఆఖర్న దించింది. దూది మీద రెండు చుక్కల గ్లిజరిన్ వేసి అంచుల రబ్బరు తుడిచింది. గ్లిజరిన్ పెడితే రబ్బరు పగలదు; అంతటి శ్రద్ధ ఆమె తన మడమల మీద ఎన్నడూ చూపలేదు.

ఆరింటికి ఆయన ఆఫీసు వ్యాను దిగి వచ్చాడు. వరండాలో చాప మీద వరసగా పేర్చిన సామాను చూసి నవ్వాడు.

“అయ్యో, ఇవన్నీ ఎందుకు దించావు? ఈసారి అక్కర్లేదుగా.”

“గురువారం తనిఖీ కదండీ.”

“అదే చెబుతున్నా.” బ్యాగులోంచి ఓ ఫారం తీశాడు. “కొత్త రూలొచ్చింది. చేసిన మార్పులన్నీ ఒక్కసారి చూపించేస్తే పుస్తకంలో ఎక్కించేస్తారు. ఇక జన్మలో ఈ విప్పడం బిగించడం ఉండదు. నీకూ అటకెక్కే పని తప్పింది.” ఆమెకేదో బహుమతి తెచ్చినట్టే ఉంది ఆ మొహం. నిజంగానే అలా అనుకుంటున్నాడు, అదే వచ్చిన చిక్కు.

ఆమె ఫారం అందుకుంది. ఓనర్ పేరు, ఇంజిన్ నంబరు ఆయనే నింపేశాడు, డ్రాయింగుల మీద రాసే ముత్యాల్లాంటి అక్షరాలతో. మధ్యలో ఒక వరస: ‘సీట్ల సంఖ్య: ఇప్పుడున్నది 2. మార్పు తరువాత 1.’ దాని కింద ‘మార్పుకు కారణం (ఓనర్ స్వదస్తూరీతో)’ అని ఖాళీ. ఆ కింద సంతకం.

“కారణం నువ్వే రాయాలట. రూపం మెరుగుదల కోసం అని రాసెయ్. ఇంద పెన్ను.”

“చేతికి గ్లిజరిన్ ఉంది.”

“సరే, ఫ్రిజ్ మీద పెడతా. నీ లైసెన్సు నకలు కూడా కావాలట. నీకు గేర్ల బండి లైసెన్సుంది కదూ?”

“ఉంది. కాలేజీలో ఉండగా మా అన్నయ్య నేర్పించాడు.”

“ఇప్పుడేం గుర్తుంటాయిలే గేర్లు,” అని నవ్వి, దుప్పటి తీసి బండెక్కి సాయంత్రపు చుట్టుకి వెళ్లిపోయాడు.

ఆయన క్యాంపులకెళ్లినప్పుడు బ్యాటరీ పడిపోకుండా రెండ్రోజులకోసారి బండి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచమని చెప్పి వెళ్లేవాడు. నిలబెట్టి ఉంచడమెందుకని ఆమె సందు చివరిదాకా నడిపి తిప్పుకొచ్చేది. ఈ సంగతి అత్తగారికి తెలుసు. కిటికీ దగ్గర మంచం ఆవిడది. ఆవిడ కొడుక్కి చెప్పలేదు, కోడలితోనూ అనలేదు. ఒకసారి మాత్రం, “ఇవాళ రెండు చుట్లు వేశావే,” అంది.

అరగంటకి ఆయన తిరిగొచ్చిన చప్పుడైంది. ఇంజిన్ ఆగింది. వంటింటి కిటికీ మెట్ల కిందికే ఉంది. వేడెక్కిన ఇనుము చల్లారుతూ టిక్కు... టిక్కు... అనడం అక్కడికి బాగా వినిపిస్తుంది. ఆ చప్పుడు చెవిన పడగానే ఆమె చెయ్యి టీ గిన్నె మీదికి పోతుంది. తొమ్మిదేళ్లుగా అంతే. అది ఇరవైసార్లు టిక్కుమనే లోపు నీళ్లు పొయ్యి మీదుండాలి, ఆయన కాళ్లు కడుక్కుని వచ్చేసరికి టీ కప్పులో ఉండాలి. ఈ లెక్క ఎవరూ పెట్టలేదు. అలా కుదిరిపోయింది.

మంగళవారం పొద్దున పదకొండింటికి పళ్ల డాక్టర్ వచ్చాడు. ఆదివారం బృందంలో మనిషి, అదే కంపెనీ బండి, ఆరోగ్యంగా మెరిసే పళ్లు.

“వదినగారూ, సీటు పట్టుకెళ్దామని వచ్చాను. అన్నయ్య చెప్పే ఉంటారు.”

“ఏ సీటండీ?”

“అదే, మీ బండి అసలు సీటు. నా సీటేమో మొదట్లోనే ఎవరికో ఇచ్చేశాను. ఇప్పుడు మా ఆవిడ ఒకటే పోరు. వెనక సీటు పెట్టిస్తావా, బండి అమ్మేస్తావా అంటుంది. కంపెనీలో అడిగితే ఆర్నెల్లు పడుతుందట. అన్నయ్యని అడిగితే, మాది అటక మీద ఊరికే పడుంది పట్టుకుపో అన్నారు.”

సీటు ఇంకా వరండాలో చాప మీదే ఉంది, గ్లిజరిన్ పట్టించుకుని పెళ్లికూతురిలా నిగనిగలాడుతూ. ఆమె దాన్ని చూసింది. డాక్టర్ కూడా చూశాడు. ముందుకెళ్లి బొటనవేలితో అక్కడక్కడా నొక్కాడు, చిగుళ్లు నొక్కినట్టు.

“వెనక వైపు కొత్తదే! ఒక్క నొక్కు లేదు.”

“ఎనిమిదిసార్లు కూర్చున్నారు,” అంది ఆమె.

“ఎవరు?”

“ఎవరో లెండి.”

“మీకు పడదటగా వదినగారూ. మెడనొప్పి, అసలు బండెక్కరు అని అన్నయ్య చెబుతుంటారు. మా ఆవిడకి అదే చెప్పాను, ఆవిడ చూడు, ఎంత అర్థం చేసుకునే మనిషో అని. వింటేనా!”

ఆమెకి మెడనొప్పి లేదు. నడుంనొప్పి ఉంది. అది స్కూటర్ మీద అత్తగారిని వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి తిప్పడం వల్ల వచ్చింది. ఆ సంగతి పళ్ల డాక్టర్‌కి చెప్పి లాభం లేదు, అది ఆయన వైద్యం కాదు.

“గురువారం తనిఖీ అయ్యాక తీసుకెళ్లండి,” అంది. “ఎందుకైనా మంచిది. వాళ్లు మార్పు ఒప్పుకోకపోతే మళ్లీ ఇదే బిగించాలిగా.”

డాక్టర్ నవ్వాడు. “ఇక బిగించడమెక్కడ? ఆదివారం వెల్డర్ దగ్గర బండి తోక కోయించేశారుగా. నేనూ ఉన్నాను. గీత భలే వచ్చింది లెండి!”

ఆదివారం ఆయన బండి కడిగించుకొస్తానని వెళ్లాడు. తిరిగొచ్చాక దుప్పటి తనే కప్పాడు. ఏనాడూ కప్పనివాడు కప్పితే, వయసుతో పాటు బుద్ధి కూడా వస్తోంది కాబోలని ఆమె కాస్త ముచ్చటపడింది కూడా.

లోపలికెళ్లి మాత్రల సీసా ఒకటి తెచ్చింది. “ఇందులో సీటు బోల్టులు నాలుగు, వాషర్లు నాలుగు ఉన్నాయి. వెనకవి రెండూ కొంచెం పొడుగు, మార్చి బిగించకండి. ఫుట్‌రెస్టులు అక్కర్లేదా?”

“అవెందుకు?”

“మీ ఆవిడ కాళ్లు ఎక్కడ పెట్టుకుంటారు?”

పళ్ల డాక్టర్ నోరు తెరిచి, మూసి, “అరె, అది తట్టనే లేదు,” అన్నాడు. ఆమె ఫుట్‌రెస్టులు కూడా కాగితంలో చుట్టి ఇచ్చింది. సీటుని తన కారు వెనక సీటు మీద పడుకోబెట్టుకుని ఆయన వెళ్లిపోయాడు.

గేటు వేసి, మెట్ల కిందికి వెళ్లి దుప్పటి ఎత్తి చూసింది. ఒంటి సీటు వెనకాల రెండు గుప్పిళ్ల మేర ఉండాల్సిన చట్రం లేదు. కోసిన చోట రెండు గొట్టాల మూతులూ మూసి, నునుపుగా అరగదీసి, నల్లరంగు వేశారు. పని శుభ్రంగా ఉంది. కోయకముందు అక్కడ ఏమీ లేదనిపించేంత శుభ్రంగా. వేలితో తడిమితే ఒకచోట మాత్రం వెల్డింగు కణిక ఒకటి గుచ్చుకుంది. ఆమె దుప్పటి మళ్లీ కప్పేసి అత్తగారికి వేణ్నీళ్లు పెట్టడానికి వెళ్లింది.

బుధవారం రాత్రి భోజనాల దగ్గర ఆమె అడిగింది. అడగడమంటే, అన్నం వడ్డిస్తూ.

“తోక కోయించారట.”

ఆయన ముద్ద మధ్యలో ఆగాడు. “ఎవరు చెప్పారు? పళ్ల డాక్టరా?”

“పళ్ల డాక్టర్లు ఎదుటివాళ్ల నోరు తెరిపిస్తారనుకున్నా. ఈయన తనే తెరిచాడు.”

“చెబుదామనే అనుకున్నా. చెబితే ఎందుకు, ఏమిటి అంటావని... చూడు, సీటు ఒంటిదైనా వెనకాల ఆ గొట్టాలు అలా పొడుచుకుని ఉంటే గీత చెడుతోంది. ట్యాంకు నుంచి వెనక దాకా ఒకే గీత రావాలి. తొమ్మిదేళ్లుగా నాకు ఎక్కడో ఏదో ఎక్కువైందని తెలుస్తూనే ఉంది. ఇప్పుడు కుదిరింది.”

“ఎక్కువైంది ఏమిటో ఇప్పుడు తెలిసిందన్నమాట.”

“అదే కదా!” అన్నాడు ఆయన ఉత్సాహంగా.

అత్తగారు కంచంలోకే చూస్తూ, “ఒరేయ్, మజ్జిగ పోసుకుని లే,” అంది.

ఆమె ఆయన కంచంలో మజ్జిగ పోసింది. గొడవ పడేంత ఓపిక లేదు. పైగా దేని మీద గొడవ? సీటు వెళ్లిపోయింది, దాన్ని మోసే ఇనుమూ లేదు. ఇక ఈ బండి ఇద్దరిది కాలేదు. సంతకం పెట్టకపోతే ఒక్కరిదీ కాదు. దుప్పటి కింద అలా ఉండిపోతుంది, తను రోజూ దాని చుట్టూ ఊడ్చాలి. ఏ దారిన చూసినా రిజర్వాయర్ కట్ట కనబడటం లేదు.

“రేపు మనం ఎలా వెళ్తామండీ?” అంది గిన్నెలు సర్దుతూ.

“బండి మార్పులతోనే చూపించాలిగా. నేను బండి మీద, నువ్వు వెనకాలే స్కూటర్ మీద రా. కాగితాలు నీ దగ్గరుంచు, నాకు జేబుల్లో నలుగుతాయి. ఫారం రాశావా?”

“పొద్దున రాస్తాను.”

“కారణం గుర్తుందిగా? రూపం మెరుగుదల.”

“గుర్తుంది.”

గురువారం పొద్దున అత్తగారిని పక్కింటావిడకి అప్పజెప్పి, ఫ్రిజ్ మీద నుంచి ఫారం తీసింది. నిలబడే రాసింది. కాలేజీ వదిలాక ఎవరైనా ఆమెని కారణం రాయమని అడగడం ఇదే మొదలు. పెద్దగా ఆలోచించలేదు, కొట్టివేతలు కూడా లేవు. సంతకం పెట్టి, మడిచి, హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

పద్దెనిమిది కిలోమీటర్లూ ఆమె ఆయన వీపు చూస్తూ నడిపింది. ఎనిమిదేళ్లు అదే వీపు జానెడు దూరం నుంచి చూసింది, చొక్కా కుట్లు లెక్కపెట్టేంత దగ్గరగా. ఇప్పుడు అది నూరు గజాల అవతల చిన్నదవుతూ పోయింది. సిగ్నళ్ల దగ్గర ఆయన ఆగి వెనక్కి చూసేవాడు. పచ్చలైటు పడగానే రెండు సిలిండర్లూ గుడగుడమని మళ్లీ మాయం. స్కూటర్ పాపం ఏడుస్తూ పరిగెత్తింది. ఒక పెద్ద గుంతలో పడ్డప్పుడు డిక్కీలో అత్తగారి నడుం బెల్టు, మందుల డబ్బా గలగలమన్నాయి. ఆయన గీత గురించి అన్నది నిజమే. వెనక నుంచి చూస్తే బాగానే ఉంది. ఏదీ పొడుచుకుని లేదు.

యార్డులో రేకుల షెడ్డు, దాని ముందు సిమెంటు మైదానం, మైదానంలో పసుపు గీతలు. ఇన్‌స్పెక్టర్ మేడమ్ యాభై దాటిన మనిషి. చెప్పులు విప్పి, వాచిన పాదాలు బల్ల కింది చెక్క మీద ఆనించుకుని కూర్చుంది. ముందు లేచి వచ్చి బండి చుట్టూ తిరిగింది, టేపు పెట్టి కొలిచింది, కోసిన చోట వంగి చూసింది. ఆయన పక్కనే నడుస్తూ ఒక్కో మార్పూ వివరించాడు. వెల్డింగు ఎంత శుభ్రంగా ఉందో చూడమన్నాడు. ఆవిడ చూసింది. వెనక్కి వచ్చి కూర్చుని ఫారం తెరిచింది.

“ఓనర్ ఎవరు?”

“నేనండీ,” అంది ఆమె.

“కారణం...” ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని పైకి చదివింది. “‘వెనక ఎవరూ కూర్చోవడం లేదు.’”

ఆయన తల తిప్పి భార్య వైపు చూశాడు. ఆమె బల్ల మీదున్న ముద్రల పెట్టె వైపు చూస్తోంది.

“అందరూ అందం కోసం, మెరుగుదల కోసం అని రాసి చంపుతారు,” అంది మేడమ్. “అది ఏ గడిలో ఎక్కించాలో తెలియక మాకు తలనొప్పి. ఇలా రాస్తే పని తేలిక.” పెన్నుతో టిక్కు పెట్టింది. “సరే, ట్రయల్ ఇవ్వండి. అక్కడి నుంచి ఆ రెండో పసుపు గీత దాకా వెళ్లి, గీత మీద ఆపి, తిప్పుకుని రావాలి.”

ఆయన హెల్మెట్ తీసుకున్నాడు.

“మీరు కాదండీ. ఓనర్.”

“ఆవిడకి ఇది అలవాటు లేదు మేడమ్. రోజూ నేనే నడుపుతాను.”

“నడపండి, ఎవరొద్దన్నారు. ట్రయల్ మాత్రం ఓనర్ ఇవ్వాలి. లేదా ఓనర్ రాసిచ్చిన అధికార పత్రం ఉండాలి. తెచ్చారా?”

ఆయన తేలేదు. ఫారం వెనక సూచనలన్నీ రెండుసార్లు చదివిన మనిషి, ఓనర్ అని రాసిన ప్రతిచోటా తననే అనుకుని చదివాడు.

“నేను ఆవిడ భర్తనండీ,” అన్నాడు.

“అది పత్రం కాదుగా,” అంది మేడమ్, ఏ వెటకారమూ లేకుండా. “పత్రం తెచ్చుకుంటే వచ్చే నెల తేదీ ఇస్తాను. అప్పటిదాకా బండి ఇక్కడే ఉంటుంది. కోసేసిన బండిని రోడ్డు మీదికి పంపలేను.”

ఆయన ఆమె వైపు తిరిగాడు. ఆ చూపులో అడగడం ఉంది. ఆయన ఆమెని ఏదైనా అడిగి చాలాకాలమైంది. ఫలానాది ఎక్కడుంది అనే మాట తప్ప.

“బ్యాగు పట్టుకోండి,” అంది ఆమె.

స్కూటర్ హెల్మెట్ పెట్టుకుని బండెక్కింది. సీటు ఆయన కొలతలది. ఆమె కాళ్లకి నేల మునివేళ్ల మేరకే అందింది. హ్యాండిల్ పట్టుకోవాలంటే ట్యాంకు మీదికి సాగిలపడాలి. సాగిలపడింది. క్లచ్ బరువు ఆమెకి తెలుసు, మొదటి గేరు ఎంత మొండిగా పడుతుందో తెలుసు. న్యూట్రల్ దొరక్కపోతే బండిని రవ్వంత వెనక్కి తోయాలని కూడా తెలుసు. బటన్ నొక్కగానే రెండు సిలిండర్లూ కింద నుంచి మోకాళ్ల దాకా వణికాయి. అక్కడ ఆయన ఆమె హ్యాండ్‌బ్యాగుని రెండు చేతులతో గుండెకి ఆనించి పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. బండికోసమో తన కోసమో ఆమెకి తెలియలేదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

వెళ్లింది. రెండో గేరు కూడా వేసింది. గాలిలో తేలిపోవడం లాంటిదేమీ జరగలేదు. మణికట్లు నొప్పెట్టాయి, తోలు సీటు చెక్కపీటలా ఉంది, ఇంజిన్ వేడి పిక్కలకి తగిలింది. ఇంతేనా, అనుకుంది. తొమ్మిదేళ్లుగా ఇంటిల్లిపాదీ పక్కకి ఒదిగి నడిచింది ఈ పీట కోసమా! పసుపు గీత వచ్చింది. ముందు చక్రం సరిగ్గా గీత మీద ఆపింది. సందు చివర తిప్పినట్టే తిప్పుకుని వచ్చింది.

మేడమ్ అప్పటికే ముద్ర వేస్తోంది. పుస్తకంలో సీట్ల సంఖ్య దగ్గర 2 మీద అడ్డగీత కొట్టి, పక్కన 1 వేసి, పొట్టి సంతకం చేసింది. “తీసుకోండి ఓనర్ గారూ,” అని ఆమె చేతికే ఇచ్చింది.

షెడ్డు బయటికి వచ్చారు. ఒంటిగంట దాటింది. ఆయన బండి చుట్టూ ఓసారి తిరిగి చూశాడు.

“గేర్లు బాగానే గుర్తున్నాయే.”

“సందు చివరిదాకా గుర్తున్నాయి.”

“సందు చివరిదాకానా? ఎప్పట్నుంచి?”

“మీ క్యాంపులున్నప్పట్నుంచి.”

ఆయన, “సరే, తాళం ఇలా ఇవ్వు, వెళ్దాం,” అని చెయ్యి చాచాడు.

ఆమె తన బ్యాగు తీసుకుని, అందులోంచి తాళం తీసి ఆయన అరచేతిలో పెట్టింది. అది స్కూటర్‌ది.

“నాలుగింటికి అత్తయ్యని ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి. నడుం బెల్టు డిక్కీలో ఉంది. ఎడమ వైపు నుంచి ఎక్కించకండి, ఆ మోకాలు వంగదు. స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడు ముందే చెప్పాలి, లేకపోతే మీ మెడ పట్టుకుంటారు. అక్కడ టోకెన్ తీసుకోవడం మర్చిపోకండి.”

“నేనా? అమ్మని ఎప్పుడూ నువ్వేగా...”

“మీకు ఇవాళ సెలవేగా. నాకేమో మెడనొప్పి. ఎవరినీ వెనక కూర్చోబెట్టుకోలేను.”

ఆయన మొహంలో రంగు మారింది. పళ్ల డాక్టర్‌ని మనసులో ఏమన్నాడో గానీ, స్కూటర్ తాళాన్ని అటూ ఇటూ తిప్పాడు. దానికి అత్తగారి ఫిజియోథెరపీ కార్డు దారంతో కట్టి ఉంది.

“బండి జాగ్రత్త,” అన్నాడు చివరికి. స్కూటర్ ఎక్కి, “నువ్వెప్పుడొస్తావు?” అన్నాడు.

“వస్తానండీ,” అంది.

కట్ట మీది క్యాంటీన్ ముందు స్టాండ్ వేయడానికి ఆమెకి మూడుసార్లు పట్టింది. చేతులు ఇంకా హ్యాండిల్ పట్టుకున్నట్టే వంకర్లు తిరిగి ఉన్నాయి. ఎప్పుడూ కూర్చునే సిమెంటు బల్ల మీద కూర్చుంది. రిజర్వాయర్‌లో నీళ్లు పోయినేడాది కంటే తగ్గాయి. అడుగున ఎవరో పారేసిన టైరు ఒకటి బయటపడింది.

క్యాంటీన్ అతను గుర్తుపట్టాడు. ఏడాదికోసారి వచ్చేవాళ్లని కూడా గుర్తుపెట్టుకునే మనిషి. ఆమెని చూసి, బండిని చూసి, దారి వైపు చూశాడు.

“సార్ రాలేదామ్మా?”

“సార్‌కి సీటు లేదు.”

అతనికి అర్థం కాలేదు కానీ మర్యాదకి నవ్వాడు. “బండి మార్చేశారా?”

“అదే బండి.”

“అయితే ఒక టీయేనా?”

“ఒకటే. కాస్త నిదానంగానే తెండి.”

అతను లోపలికెళ్లాడు. గాలి నీళ్ల మీద నుంచి వచ్చి మెడకి తగిలింది. ఇంకో గంటకి ఆయన స్కూటర్ గేటు దగ్గర ఆపి, బెల్టు ఎలా కట్టాలో తెలియక అమ్మని అడుగుతాడు. ఆవిడ చెప్పదు. కోడలికి తప్ప తెలియదంటుంది. ఆ మాట అనడం ఆవిడకి ఇష్టం కూడాను.

వెనకాల బండి చల్లారడం మొదలుపెట్టింది. టిక్కు... టిక్కు...

ఆమె లేచి నిలబడింది. చెయ్యి ముందుకి పోయింది కూడా. అక్కడ పొయ్యి లేదు, గిన్నె లేదు. కట్ట, నీళ్లు, ఆ టైరు.

మళ్లీ కూర్చుంది. ఇరవై దాకా లెక్కపెట్టింది. ఇరవై ఒకటి. ఇరవై రెండు. క్యాంటీన్ అతను ఇంకా పాలు మరిగిస్తూనే ఉన్నాడు.